వాల్వు మెడ మీద గీత

అమ్మకు,

నీ కూతురు నమస్కరించి రాస్తున్న ఉత్తరం. నేను కులాసాగా ఉన్నాను. ఇల్లూ కులాసాయే. పరీక్షలు గట్టెక్కాయి. మీ ఓడ ఆ రేవు చేరేసరికి ఈ ఉత్తరం నీకంటే ముందే వెళ్ళి కూర్చోవాలని చిరునామా మూడుసార్లు సరిచూసుకున్నాను. నీ మోకాలు ఎలా ఉంది? ఊగే నేల మీద నిలబడి పాతికమందికి వండటం మాటలు కాదు.

వేళకు తింటున్నావా అని అడిగావు. తింటున్నాను. జుట్టు కత్తిరించేశావా అని అడిగావు. కత్తిరించాను, తిట్టకు. మామయ్య గురించి అడిగినదానికి కింద రాస్తాను. దానికి ముందు ఆ ఆటస్థలంలో నువ్వు చేసే పనేమిటి, తుపాకులంటున్నావు, నాకు భయంగా ఉంది అన్నావు కదా, అది చెబుతాను.

అవి తుపాకులు కావు. మార్కర్లు అనాలని యజమాని అంటారు. పల్చటి తొక్కలో రంగు నింపిన గోళీలు గాలి ఒత్తిడికి వెళ్ళి అవతలివాళ్ళ చొక్కా మీద పగులుతాయి. వారమంతా కుర్చీల్లో కూర్చునే పెద్దమనుషులు సెలవు రోజున వచ్చి, గడ్డి మూటల వెనక దాక్కుని, నీలం మరకలతో పిల్లల్లా నవ్వుకుంటూ పోతారు. వెనకాల రేకుల షెడ్డులో మామయ్య ఆ మార్కర్లకు వైద్యుడు. కాలేజీ అయ్యాక నేను కాంపౌండర్ని.

‘బుస’ అనే మాట నాకు అక్కడే అర్థమైంది. పాము బుసకొట్టగా నేనెప్పుడూ వినలేదు. మార్కర్లకు గాలి అందించే సిలిండరుకు సీలు చెడితే వచ్చే బుస రోజూ వింటాను. సబ్బునీళ్ళు రాస్తే ఎక్కడ బుడగ లేస్తుందో అక్కడ జబ్బు. అప్పుడు వాల్వు మూతి దగ్గరున్న చిన్న రబ్బరు వలయాన్ని తీసి, గోటితో తడిమి, గంటు పడితే పారేసి కొత్తది వెయ్యాలి. నేనొకసారి దాన్ని రబ్బరు ఉంగరం అని రాసి డబ్బాకు అంటించాను. మామయ్య చదివి, “పంతులమ్మా, ఉంగరమని రాస్తే పెళ్ళివాళ్ళు వచ్చి పట్టుకుపోతారే, సీలు అని రాయి” అన్నాడు. గ్రీజు ఎంత రాయాలని అడిగితే, కంటికి కాటుక పెట్టినట్టు రాయి, రొట్టెకు వెన్న పూసినట్టు కాదు అన్నాడు. ఇలాంటి మాటలు రాసుకోవడానికే నేను ఒక పుస్తకం పెట్టుకున్నాను.

ఇక అసలు సంగతి. నీ తమ్ముడి ఉత్తరాలు రెండు నెలలుగా నా చేతిరాతలో ఎందుకు వస్తున్నాయి, వాడికి నాలుగు ముక్కలు రాసే తీరిక కూడా లేదా అని అడిగావు. పని ఎక్కువగా ఉందని కిందటిసారి రాశాను. అది అబద్ధం అమ్మా.

సిలిండరు మెడలో వాల్వు ఒక మర మీద బిగిసి ఉంటుంది. ఆ వాల్వు రెండో కొస ఇంకో మర మీద మార్కరుకు బిగుస్తుంది. ఆట అయ్యాక విప్పేటప్పుడు మార్కరు దగ్గరే ఊడాలి. సిలిండరు మెడ దగ్గర ఊడితే లోపల కుక్కిన గాలంతా ఒక్కసారిగా బయటపడుతుంది. పైకి చూస్తే ఎక్కడ తిరుగుతోందో తెలియదు. అందుకని మామయ్య వాల్వు మీద మొదలుపెట్టి సిలిండరు మెడ మీదికి, ఎర్రటి గోళ్ళరంగుతో ఒక నిలువు గీత గీసి ఉంచుతాడు. ఆ గీత రెండు ముక్కలై పక్కకు జరిగితే వాల్వు వదులైనట్టు. ఆ సిలిండరును విప్పకుండా వేరే పెట్టేస్తాడు. గీత చెరిగినా, జరిగినా నాకు చెప్పు, నువ్వు మాత్రం గీయకు అని మొదటిరోజే అన్నాడు.

ఆ రోజు మామయ్య సామాను కోసం బయటికి వెళ్ళాడు. నేను నలభై సిలిండర్లు తుడిచి వరసగా పెట్టాను. గీతలు చాలావాటికి పాలిపోయి ఉన్నాయి. వచ్చేసరికి అన్నీ తళతళలాడితే మామయ్య మెచ్చుకుంటాడని గోళ్ళరంగు తీసి కొత్తగా గీయడం మొదలుపెట్టాను. ఒకదాని మీద గీత సగం ఇటు, సగం అటు ఉంది. ఎవరో వంకరగా గీశారనుకున్నాను. కాదు, అలా కూడా పూర్తిగా అనుకోలేదు. దాని అర్థం నాకు తెలుసు. చేతులు ఊపులో ఉన్నాయి, ఆగి ఆలోచించలేదు. రెండు సగాలూ తుడిచేసి, నిటారుగా, చాలా అందంగా ఒకే గీత గీశాను.

మర్నాడు సాయంత్రం మామయ్య ఆ సిలిండరు విప్పాడు. ముందు గీత చూసుకున్నాడు. నేను పక్కనే ఉన్నాను, చూసుకోవడం చూశాను. వాల్వు అప్పటికే రెండే రెండు చుట్ల మర మీద నిలబడి ఉందట. ఇంకాస్త తిప్పేసరికి సిలిండరు ఆయన కుడిచేతిని చీల్చుకుంటూ పోయి గోడకు తగిలింది. మూడు వేళ్ళు తీసేశారు అమ్మా. మిగిలిన రెండూ కలం పట్టుకోలేవు.

ఆసుపత్రిలో మామయ్య నన్ను దగ్గరికి పిలిచి, “గీత కొత్తది. ఎవరిదో నాకు తెలుసు. నువ్వు నోరెత్తకు, నీ చదువుంది” అన్నాడు. యజమానితో, కళ్ళు సరిగ్గా ఆనలేదండీ, చూసుకోలేదు అని చెప్పాడు. ఇరవయ్యేళ్ళలో ఒక్క సీలు కూడా తప్పు వెయ్యని మనిషి. నేను నోరెత్తలేదు. తర్వాత ఆయన స్టూలు మీద కూర్చుని చెబుతుంటే నా చేతులతో ఆ పని చేస్తూ వచ్చాను. ఇద్దరం కలిసి ఒక మనిషిగా ఉద్యోగం నిలబెట్టుకున్నాం.

కిందటి వారం కొత్తగా చేరిన ముగ్గురిని యజమాని షెడ్డులోకి తీసుకొచ్చారు. మామయ్య చెయ్యి చూపించి, “చూశారా, గీత చూసుకోకపోతే ఇలా అవుతుంది” అన్నారు. మామయ్య అవునండీ అని తల ఊపాడు. వాళ్ళకు బాగా కనబడాలని చెయ్యి కాస్త పైకెత్తాడు కూడా.

ఆ పూటే యజమాని గదికి వెళ్ళి అంతా చెప్పాను. ఆయన అరవలేదు. ఇక సిలిండర్ల దగ్గరికి రావద్దమ్మా అన్నారు. అది న్యాయమే. మర్నాడు ఆ ముగ్గురినీ పిలిచి, మామయ్య గీత చూసుకున్నాడు, తప్పు మామయ్యది కాదని చెప్పారట. కానీ ఒంటిచేతి మనిషికి అక్కడ పనేముంటుంది? మామయ్యను కూడా ఇంటికి పంపేశారు.

మామయ్య నన్ను తిట్టలేదు. మూడోరోజు, నేను ఆయన చొక్కా గుండీలు పెడుతుంటే, “నిజం చెప్పావు, బాగానే ఉంది. కానీ నాకు మిగిలింది నీ చేతులే కదే. అవి కూడా లేకుండా చేశావు” అన్నాడు. గుండీలు పెట్టడం పూర్తిచేశాను.

అమ్మా, ఈ ఉత్తరం చదవగానే నువ్వు నన్ను ఓదార్చాలనుకుంటావు. నాకు తెలుసు. అలా చెయ్యకు. నాకు ఎప్పుడు రాసినా సరే, అసలు రాయకపోయినా సరే. ముందు మామయ్యకు రాయి, విడిగా రాయి. నా పేరు అందులో ఎత్తకు, నా తరఫున ఒక్క మాటా అడగకు. నా తల్లిగా కాకుండా, ఆయన అక్కగా రాయి.

ఇట్లు,
నీ ఒక్కగానొక్క కూతురు