ఊటలో బంగారు బల్లి

కుర్దిస్తాన్ కొండల క్యాంపు, మార్చి 3

మెట్‌పల్లిలో ఉన్న కిష్టవ్వ అత్తకు మేనల్లుడు లక్ష్మణ్ దండం పెట్టి రాస్తున్నది.

ఇక్కడ సిగ్నల్ లేదు. సెలవు మీద ఇంటికొస్తున్న వెంకటి చేత ఈ ఉత్తరం పంపుతున్నాను. మా క్యాంపు వెనక ఊటలో బల్లిలాంటి జీవాలున్నాయి, నల్లటి ఒంటి మీద పసుపు చుక్కలు. మొన్న నీళ్లు ముంచుతుంటే ఒకటి నా కుడి చేతి మీద పడింది. వాటిని న్యూట్లు అంటారట, లోకంలో కొన్నే మిగిలాయట. పరిశోధనకు వచ్చిన మేడం చెప్పింది. ఎండాకాలం ఆ ఊటకు మోటరు బిగించాల్సింది నేనే. బిగిస్తే ఊట ఎండి అవి చస్తాయి. బిగించనంటే నన్ను ఇంటికి పంపుతారు. ఏం చేయాలో తోస్తలేదు అత్తా.

నీ లక్ష్మణ్

మరచిన మాట: నాకే ఇంకా ఇక్కడి గుర్తింపు కార్డు రాలేదు. మేడం దగ్గర వాటికి ఒక్కోదానికి ఫోటో కార్డుంది.

మెట్‌పల్లి, మార్చి 20

లక్ష్మణ్ బిడ్డకు అత్త దీవెనలు. నేను చెప్తుంటె పక్కింటి సృజన రాస్తుంది.

పసుపు చుక్కలంటే అది కంచిల ఉన్న బంగారు బల్లికి సొంత చుట్టం బిడ్డా. కంచి బల్లిని ముట్టినోన్ని ముట్టుకుంటెనే దోషం పోతది. నీ మీద అదే వచ్చి పడ్డది. దానికి కీడు చేస్తె ఊకుంటదా? వేములవాడ రాజన్నకు కోడె మొక్కిన. గీ ఉత్తరం మీ రూంల అందరికి గట్టిగ సదివి వినిపియ్యి.

నీ మంచి కోరే కిష్టవ్వ

ఇంకో ముచ్చట: నువ్వు వస్తె ముట్టుకుంటమని పదకొండు మంది పేర్లు రాయించిన్రు. జర చేతులు సబ్బుతోని కడగకు.

క్యాంపు, ఏప్రిల్ 9

అత్తకు దండాలు.

నీ ఉత్తరం తెచ్చిన వెంకటే దాన్ని రూంలో చదివాడు. ఇప్పుడు ఇరవై ఎనిమిది మంది నన్ను ముట్టుకోవడానికి పొద్దున్నే ఊట దగ్గర లైన్ కడుతున్నారు. అది బల్లి కాదు అత్తా. పొలుసుల్లేవు, గోర్లు లేవు, నీళ్లలో గుడ్లు పెడుతుంది. కప్పకు చుట్టం. మేడం దీన్ని ఇరాన్‌లో ఉన్న దాని దాయాదితో పోల్చి చూస్తోంది. ఇది నలుపు మీద పసుపు చుక్కలు. అది నలుపు మీద తెల్ల మచ్చలు, వీపు పొడుగునా నారింజ గీత. రెంటికీ ఊటలే దిక్కు, రెంటికీ గండమే. దయచేసి ఊళ్లో ఎవరికీ చెప్పకు.

లక్ష్మణ్

మరచిన మాట: మా రూంలో ఉండే మోషే అన్న ఇవన్నీ నమ్మడు. అయినా నిన్న వచ్చి, "ప్రార్థన చేసుకునే వచ్చిన తమ్మీ, జర నన్ను గూడ ముట్టుకో" అన్నాడు.

మెట్‌పల్లి, ఏప్రిల్ 28

బిడ్డకు దీవెనలు.

తెల్లది గూడ ఉన్నదా? ఇగ అనుమానమే లేదు. కంచిల ఉన్నయి రెండే, బంగారుది, వెండిది. ఇరాన్‌ల ఉన్నది వెండిది. కప్ప చుట్టమైతె మరీ మంచిది. వాన కోసం కప్పతల్లికి నీళ్లు పోసేటోళ్లం మనం, చంపుతమా? గా మోటరు ముట్టినోని చేతి నీళ్లు మా వాడల ఎవ్వరు తాగరని మీ రూంల చెప్పు.

కిష్టవ్వ

ఇంకో ముచ్చట: వీపు మీద గీత నారింజ కాదు, సిందూరం. మేడంకు చెప్పి రాపియ్యి.

క్యాంపు, మే 18

అత్తకు వెయ్యి దండాలు.

నిన్న ఫోర్మన్ మోటరు బిగించమన్నాడు. బిగించనన్నాను. మిగతావాళ్లను పిలిచాడు. ఇరవై ఎనిమిది మందిలో ఒక్కరూ పానా ముట్టలేదు. చివరికి మోటరు కింది వాగుకు పోయింది. ఊట బతికింది, నా పని నిలిచింది, మేడం ఏడ్చింది. అంతా నీ పుణ్యమే అత్తా, జన్మలో మరవను. ఒక్కటే బాధ. అది బల్లి కాదని తెలిసీ వాళ్లకు చెప్పలేదు. నీ అమాయకత్వాన్ని వాడుకున్నట్టయింది. క్షమించు.

నీ రుణం తీర్చలేని లక్ష్మణ్

మరచిన మాట: ఫోర్మన్ కూడా ఎవరూ చూడకుండా వచ్చి నన్ను రెండుసార్లు ముట్టుకుని పోయాడు.

మెట్‌పల్లి, జూన్ 6

పిచ్చి బిడ్డకు అత్త దీవెనలు.

నాది అమాయకత్వమా? నీ మొదటి ఉత్తరం వచ్చిన్నాడే సృజన కాలేజీ పుస్తకం తెచ్చి బొమ్మ చూపెట్టింది. ముప్పై ఏండ్లు బురదల నాట్లేసిన, బల్లేదో కప్ప చుట్టమేదో నాకు తెల్వదా? కని కప్ప చుట్టం కోసం నీ పక్కన ఎవడు నిలబడుతడు? బంగారు బల్లి అంటె ఇరవై ఎనిమిది మంది నిలబడ్డరు. వాళ్లందరికి నా తరఫున దండం పెట్టు. వాళ్లు లేకుంటె నా ఉత్తరం ఉత్త కాయితమే.

నీ అత్త కిష్టవ్వ

ఇంకో ముచ్చట: కోడె మొక్కు మాత్రం నిజమే, నువ్వు వచ్చినంకనే కడుత. ముట్టుకునేటోళ్ల లిస్టు నలభై దాటింది. వాళ్లకు అసలు సంగతి చెప్పకు. అండ్ల మొదటి పేరు నాదే, జల్ది రా.