పిలిస్తే పలకని ప్రాణం

సెనోబియా అక్కకి, లీమా పట్నం నుంచి ఫిదేలియా. నేను బాగానే ఉన్నాను. అమ్మకి ఇంతవరకే చదివి వినిపించు.

మిగతాది నీకే. పనిచేసే ఇంట్లో మెట్లు కడుగుతూ జారి పడ్డాను, తలకి తగిలింది. డాక్టరు తలకి ఫోటో తీయించి, నాతో కాదు, దొరసానితో చెప్పాడు: "మెదడు అదిరింది. ఫోటోలో ఏమీ లేదు గానీ, కొన్నాళ్ళు పడుకోనివ్వండి." ఆవిడకి 'ఏమీ లేదు' ఒక్కటే వినపడింది. మర్నాడే చీపురు చేతికిచ్చి, "ఏమీ లేదన్నారుగా, ఇంకా ఏంటే ఆ మూలుగు?" అంది. వెలుతురు చూస్తే కళ్ళు పొడుస్తున్నాయి. పొయ్యి మీద పాలు పెట్టి మర్చిపోతున్నాను.

జడుసుకున్నవాళ్ళ ప్రాణం పడ్డచోటే ఉండిపోతుంది కదా. అమ్మ ఉంటే అక్కడ నా శాలువా పరిచి, "రావే ఫిదేలియా, ఇంటికి పోదాం" అని పిలిచేది. ఇక్కడ పిలిచే దిక్కులేక, దొరసాని బజారుకి వెళ్ళినప్పుడు నన్ను నేనే పిలుచుకున్నాను. పలకలేదు.

గొర్రె ఈనిందా? ఎవరైనా ఇటు వస్తుంటే ఎండు బంగాళాదుంపలు పంపు. కొండదేవర మిమ్మల్ని చల్లగా చూడాలి.

అక్కా, నా ప్రాణం మన ఇంటికే వచ్చేసిందేమో. వస్తే వెంటనే తిప్పి పంపకండి. పొయ్యి పక్కన కాసేపు కూర్చోనివ్వండి.