ఫొటోలో బస్సు డ్రైవరు

అమ్మా,

నేను క్షేమం, ఒంటి మీద చిన్న గీత కూడా పడలేదు. సంతలో బాంబు పడిందని రేడియోలో విని కంగారు పడుతుంటావని వెంటనే రాస్తున్నాను.

పొగ తగ్గాక నేను అక్కడికి వెళ్లి పేపరుకి ఫొటోలు తీసుకుని గదికి వచ్చేసరికి, నేను అద్దెకుంటున్న ఇంటావిడ గుమ్మంలో నిలబడి ఉంది. వాళ్లాయన బస్సు డ్రైవరు. పొద్దున ఆ దారినే వెళ్లాడట, కబురు లేదు.

"మా ఆయన గానీ కనబడ్డాడా బాబూ?" అంది.

ఆ హడావుడిలో ఎవరినీ పోల్చుకోలేదన్నాను. ఆవిడ కెమెరా లాక్కుని మెడలో వేసుకుంది. నేను ఒక్కో ఫొటో జరుపుతూ చూపించాను. ఒకచోట వేలు పెట్టి, "ఈ బట్టతల మా ఆయనదే!" అని అరిచింది. నిజమే, దెబ్బలు తగిలినవాళ్లను తన బస్సులోకి ఎక్కిస్తున్నాడు.

ఇద్దరం ఆసుపత్రికి పరుగెత్తాం. మెట్ల మీద కూర్చుని నీళ్లు తాగుతున్నాడు మహానుభావుడు. ఆవిడ ఆయన వీపు మీద ఒక్కటి చరిచి, "కబురు పంపితే నీ నోటి ముత్యాలు రాలిపోతాయా?" అని తిట్టి, ఆ వీపు మీదే తల ఆనించి ఏడ్చేసింది. కెమెరా ఆవిడ మెడలోనే ఉండిపోయింది కనుక ఆ ఫొటో తీయలేకపోయాను. తీద్దామన్నా నా కళ్లు మసకబారాయిలే.

నాన్న మోకాలు ఎలా ఉంది? పంపు బాగు చేయించారా? ఊళ్లోవాళ్లందరి ఫొటోలూ తీశాను గానీ నా పెట్టెలో నీది ఒక్కటీ లేదు. చెల్లి తీస్తుంది, ఈసారైనా మొహం తిప్పుకోకుండా నిలబడు. నాన్నకు దండాలు, చెల్లికి ఒక మొట్టికాయ.

నీ పెద్దోడు