నేను అడిగింది వేరు

తమ్ముడికి,

పెద్దక్క దీవెనలు. నువ్వూ మరదలూ కులాసాగా ఉన్నారనుకుంటాను.

ఆదివారం ఆసుపత్రి సభలో కొత్త రోగులకు ధైర్యం చెప్పమని నిన్ను పిలిచారనీ, నన్ను కూడా వేదిక ఎక్కిస్తాననీ రాశావు. నేను ఎక్కలేను. కారణం చెప్పకపోతే నువ్వు ఊరుకోవు గనక చెబుతున్నాను.

ఆస్‌బెస్టాస్ రేకులు కోసిన దుమ్ము వల్ల నీ ఊపిరితిత్తుల పొరకు క్యాన్సర్ వచ్చిందన్నారు. ఏడాది గడిస్తే గొప్పన్నారు. తొమ్మిదేళ్లు గడిచాయి. నువ్వేమో కనిపించిన వాళ్లందరితో, "మందులదేముందండీ, మా పెద్దక్క దేవుణ్ణి కునుకు తియ్యనివ్వలేదు. విసుగొచ్చి నన్నొదిలేశాడు" అని నవ్విస్తావు. నేను తల దించుకుంటాను. నువ్వు దాన్ని వినయమనుకుంటావు.

నాలుగో కీమో అయ్యాక నువ్వు మంచం కమ్మీ పట్టుకుని, "పెద్దక్కా, ఊపిరి అందట్లేదే" అన్నావు. ఆ పూట నుంచి నిన్ను బతికించమని నేను అడగలేదురా. తొందరగా తీసుకుపొమ్మని అడిగాను. నువ్వు లేచి నడిచేదాకా అదే అడిగాను. నీ బాధ చూడలేకే అనుకున్నాను గానీ, అందులో నా అలసట కూడా ఉంది.

సభలో డాక్టరు గురించి చెప్పు. కీమో గురించి చెప్పు. నీ వీపు నిమురుతూ కూర్చున్న మరదలి గురించి చెప్పు. నేను వెనక వరసలో కూర్చుంటాను. ఈ ఉత్తరం చదివాక రావద్దంటే మానేస్తాను.

మరి ఇప్పుడేం అడుగుతున్నావని అంటావేమో. నువ్వు లేచి నడిచినప్పటినుంచి ఏమీ అడగడం లేదు నాయనా. చేతులు జోడిస్తాను, అంతే. నోరు రాదు.

నీ పెద్దక్క