సుఖవతి వేలిముద్ర

మంగళవారం, రాయపూర్

నయా రాయపూర్‌లో సిమెంటు పని చేసీ చేసీ కూలీ సుఖవతి వేళ్ల మీద గీతలు అరిగిపోయాయి. రేషన్ షాపు మిషన్ ఆమె వేలిముద్ర తీసుకోక, నెలల తరబడి బియ్యం అందలేదు. ఆరేళ్లు చర్మం మీద రీసెర్చ్ చేసి, అరిగిన గీతలు మళ్లీ తేలేలా నేను తయారుచేసిన ఆయింట్‌మెంట్‌ని మా ట్రయల్‌లో రోజూ రాసుకుంటోంది. ఇవాళ షాపుకి తోడు వెళ్లాను. భయపడుతూనే బొటనవేలు పెట్టింది. పచ్చలైటు వెలిగింది.

"దీదీ, నన్ను గుర్తుపట్టింది!" అంటూ ఆ వేలిని కళ్లకద్దుకుంది.

ఇన్నాళ్లూ మైక్రోస్కోప్‌లో చూసిన ఆ గీతలే ఒక మనిషికి అన్నం పెట్టాయి!

ఇంతలో లైన్లోని ఆడవాళ్లు ఒక్కొక్కరే వచ్చి నా ముందు చేతులు చాపారు. అందరి వేళ్లూ నున్నగా ఉన్నాయి. "రేపు రండి" అనేశాను. ల్యాబ్‌లో ఉన్నవి మూడే డబ్బాలు...