డాబా మీద రంజన్

సెప్టెంబరు 1, సోమవారం

ఈ డైరీ సంగీత కొనిచ్చింది. సంగీత నా బిడ్డ. బీకాం చదువుతోంది. ఇంట్లో అందరికీ పనులు చెప్పడం కూడా దాని చదువులో భాగమే అనుకుంటుంది. "మమ్మీ, రోజూ రాయి. రాస్తెనే చేస్తవ్, లేకపోతే బహానాలు చెప్తవ్" అంది. సరే.

రోగం: సయాటికా. ఎడమ పిరుదులో మొదలై, తొడ వెనక నుంచి దిగి, చిటికెన వేలి దాకా కరెంటు కొట్టినట్టు నొప్పి. నడుము దగ్గర నరం నొక్కుకుపోయిందట.

కారణం: గుజరాత్‌లో ఈ లింబాయత్‌లో ఇరవై ఏళ్లుగా నేల మీద కూర్చుని చీరలకు స్టోన్లు అతికించడం. ఇది వినగానే ఫిజియోథెరపీ మేడం పెన్ను కింద పెట్టేసింది.

మేడం చెప్పినవి: నేల మీద కూర్చోవద్దు. ముందుకు వంగొద్దు. బరువులు ఎత్తొద్దు. మూడు పూటలా వ్యాయామం. సాయంత్రం నడక.

నేను మేడంకు చెప్పనిది: నెలాఖరుకు సద్దుల బతుకమ్మ అని. బతుకమ్మ ఆటంటేనే వంగి చప్పట్లు కొట్టడమని. మేడం గుజరాతీ ఆమె. తెలియని విషయాలు చెప్పి ఆమెను ఎందుకు బాధపెట్టాలి?

పోయినేడు సద్దుల నాడు నన్ను ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టారు. గల్లీ ఆడవాళ్లంతా చుట్టూ తిరిగి ఆడుతుంటే వాళ్ల ఫోన్లు, పర్సులు, ఒక చంటిపిల్ల నా ఒళ్లో. సిరిసిల్ల నుంచి పెళ్లయి వచ్చిన ఏడు మొదలు ఈ గల్లీలో పాట ఎత్తేది నేనే. కూర్చుని ఎత్తితే గొంతు లేవలేదు. పక్కింటి పద్మారాణి ఎత్తింది. బాగానే పాడింది. నా బాధంతా అదే.

ఈసారి ఆడతాను. కనీసం మూడు చుట్లు. ఒట్టు!

సెప్టెంబరు 2, మంగళవారం

ఉదయం 6.00: లేచాను!

6.10: బోర్లా పడుకుని, చేతుల మీద ఛాతీ పైకి లేపడం. పదిసార్లు. ఇంత సులువా!

6.15: అత్తమ్మ లేచింది. మాది ఒకటే గది. నా వ్యాయామం అత్తమ్మ కళ్లెదుటే జరగాలి.

"ఏందే, గట్ల బల్లి లెక్క పడ్డవ్?"

"వ్యాయామం అత్తమ్మా."

"ఇల్లూడ్శేటప్పుడు వంగుతవ్ గదా, గది గాదా వ్యాయామం?"

వంగొద్దన్నారని చెప్పాను. "మరి ఊడ్శేదెవరు?" అంది. న్యాయమైన ప్రశ్న.

8.30: మా ఆయన కమలాకర్ మరమగ్గాల కార్ఖానాలో సాంచాల మీద రాత్రి డ్యూటీ చేసి వచ్చాడు. చీపురు చేతికిచ్చాం. తలుపు గడియ పెట్టి ఊడ్చాడు.

నొప్పి పదికి ఆరు. నిన్న ఏడు. వైద్యమంటే ఇదీ!

సెప్టెంబరు 4, గురువారం

కూర్చోకుండా పని చేసే ఉపాయం దొరికింది. గ్యాసు గట్టు మీద చీర పరిచి, నిలబడి స్టోన్లు అతికించడం. నడుము నిటారుగా ఉంది. ఇన్నేళ్లు ఈ బుద్ధి ఎందుకు రాలేదో!

మధ్యాహ్నం మా ఆయన పప్పులో రాయి వచ్చిందన్నాడు. తీసి చూస్తే రాయి కాదు, స్టోన్. గులాబీ రంగుది. "తళతళ మెరుస్తున్నది, మింగాల్నా, దాసిపెట్టాల్నా?" అని అడిగాడు. మాట్లాడకుండా తినమన్నాను.

గ్యాసు గట్టు ఉపాయం రద్దు.

సెప్టెంబరు 7, ఆదివారం

నడక కోసం అందరం డుమస్ పోయాం. సముద్రం పక్కన నడిస్తే నరాలకు మంచిదని మా ఆయన అన్నాడు. ఎవరు చెప్పారంటే ఆటో పిలిచాడు.

నడిచింది: ఆటో దిగిన చోటు నుంచి టమాటా భజియా బండి దాకా.

తర్వాత చాప పరుచుకుని కూర్చున్నాం. నేల మీద కూర్చోవద్దంది మేడం. ఇసుక, నేల లెక్కలోకి రాదు. లేవడానికి ముగ్గురు పట్టాల్సి వచ్చింది. భజియా మాత్రం వేడివేడిగా ఉంది.

నొప్పి: రాయను. ఈరోజు సెలవు.

సెప్టెంబరు 10, బుధవారం

రింగ్ రోడ్ మార్కెట్ నుంచి దివాలీ చీరల కట్టలు దిగాయి. పని ఇచ్చే సేఠ్ మనిషి "జల్దీ, జల్దీ" అంటూ గుమ్మంలోనే నిలబడ్డాడు.

ఒక్క చీర నేల మీద కూర్చుని చేశాను. ఒక్కటే. ఆ తర్వాత ఇంకొక్కటే.

ఉదయం వ్యాయామం: లేదు (చీరలు). మధ్యాహ్నం: లేదు (చీరలు). సాయంత్రం: బోర్లా పడుకున్నాను. నిద్ర పట్టింది. పడుకున్న తీరు మాత్రం మేడం చెప్పిందే.

సెప్టెంబరు 13, శనివారం

కింది అంతస్తులో ఉండే జసుబెన్ మా ఇంటి ఓనరు వాళ్ల అమ్మ. గుజరాతీ ముసలమ్మ. నేను కుంటుతూ నీళ్లకు పోవడం చూసి అత్తమ్మను పిలిచి ఏదో చెప్పిందట. అత్తమ్మకు గుజరాతీ రాదు. రాదని ఒప్పుకోవడం కూడా రాదు.

"గామె మస్తు ఉపాయం చెప్పింది వినోదా. డాబా మీద రంజన్ పెట్టాల్నంట."

రంజన్ అంటే మా దిక్కున ఎండాకాలం నీళ్లు చల్లబడడానికి పెట్టుకునే పెద్ద మట్టికుండ. నా కాలికీ దానికీ ఏం సంబంధమని అడిగాను.

"డాబా అన్నది. పగ్ అన్నది. రంజన్ అన్నది. రెండుసార్లు చెప్పి నీ దిక్కు సూపెట్టింది. పగ్ అంటే పక్షులే గదనే! డాబా మీద పక్షులకు రంజన్ల నీళ్లు పెడితె నీ నొప్పి పోతదని. పుణ్యం ఊకె పోతదా?"

వానాకాలంలో పక్షులకు నీళ్ల కరువేమిటి అనిపించింది. కానీ వ్యాయామం కన్నా పుణ్యం సులువనీ అనిపించింది. ఎదురు చెప్పలేదు.

సెప్టెంబరు 14, ఆదివారం

10.00: అత్తమ్మ ఆటోలో రంజన్ తెచ్చింది. నవరాత్రులకని కుమ్మరి దగ్గర అన్నీ చిల్లుల గర్బా కుండలే ఉన్నాయట. ఎండాకాలంలో అమ్ముడుపోక మిగిలిన ఒకే ఒక్క రంజన్ ఇది. ఎందుకు మిగిలిందో చూడగానే తెలిసింది. అందులో మా సంగీత చిన్నప్పుడైతే పట్టేది.

10.05: ఆటోవాడు దాన్ని మెట్ల ముందు దించి పోయాడు. మా ఆయన డ్యూటీ నుంచి వచ్చి గురక పెడుతున్నాడు. సంగీత ట్యూషన్‌కు పోయింది.

10.10: "నేన్ మోస్తా తీయ్" అంది అత్తమ్మ. డెబ్బై ఏళ్ల మనిషి కుండ మోస్తుంటే కోడలు నిలబడి చూసిందంటే గల్లీ ఏమంటుంది?

10.15: మేడం చెప్పిన పద్ధతిలోనే, వంగకుండా, మోకాళ్లు ముడిచి ఎత్తాను. అసలు ఎత్తొద్దంది కదా అన్న సంగతి రెండో అంతస్తులో గుర్తొచ్చింది.

10.20: మూడో అంతస్తు. నడుములో టక్కుమంది.

డాబా మీద రంజన్ క్షేమం.

సాయంత్రం 5.00: నేను చాప మీద. జసుబెన్ పరామర్శకు వచ్చింది. డాబా మీద కుండ సంగతి విని, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, సంగీతతో గుజరాతీలో చాలాసేపు మాట్లాడింది. సంగీత గోడవైపు తిరిగింది. దాని భుజాలు ఊగుతున్నాయి.

"మమ్మీ, గుజరాతీల డాబా అంటే ఎడమ. పగ్ అంటే కాలు. రాంఝణ్ అంటే సయాటికా. ఎడమ కాలుకు సయాటికా ఉన్నది, జర భద్రం అన్నది జసుబెన్ బా. బస్, గంతే."

అత్తమ్మ కొంగు సవరించుకుని, "గుజరాతోళ్లకు పేర్లు పెట్టుడే రాదు" అంది.

అంటే అత్తమ్మ నా రోగం పేరు విని, దాన్నే కొనుక్కొచ్చింది. నేను దాన్ని మూడంతస్తులు మోశాను.

రాత్రి వాన పడి రంజన్ నిండింది. పక్షి ఒక్కటీ రాలేదు.

సెప్టెంబరు 17, బుధవారం

నొప్పి పదికి పన్నెండు. పదికి మించి వేయకూడదని సంగీత అంటోంది. దానికి వస్తే తెలుస్తుంది.

జసుబెన్ వావిలాకు ఉడకబెట్టి తెచ్చి మూటగట్టి కాపడం పెట్టింది. కాలు కాస్త వదులైంది. ఇకపై ఆమె చెప్పే ప్రతి మాటా సంగీత మీదుగానే రావాలని ఇంట్లో తీర్మానం చేశాం. అత్తమ్మ తీర్మానానికి ఒప్పుకోలేదు, అడ్డూ చెప్పలేదు.

సెప్టెంబరు 21, ఆదివారం

ఎంగిలిపూల బతుకమ్మ. మొదటి రోజు.

కిటికీ పక్కన చాప వేయించుకున్నాను. కింద గల్లీలో పాట. ఎత్తింది పద్మారాణి. మూడో చరణం ఎగ్గొట్టి నాలుగోదానికి దూకింది. పడుకునే అరిచాను, "మూడోది విడిశిపెట్టినవ్!" అని. కింద ఎవరో నవ్వారు.

ఏడ్చాను. కాలినొప్పికి కాదు.

సెప్టెంబరు 25, గురువారం

పద్మారాణి అట్లు తెచ్చింది. మంచిదే పాపం. "వదినా, సద్దుల నాడు నువ్వు కుర్సీల కూసొ. పాట నేన్ ఎత్తుత. నువ్వు జర ఫోన్లు పట్టుకుంటె సాలు."

అట్లు తిన్నాను. బాగున్నాయి. దాంతో కోపం ఇంకా పెరిగింది.

సాయంత్రం వ్యాయామం: చేశాను! పదిసార్లు! పళ్లు కొరుకుతూ!

సెప్టెంబరు 26, శుక్రవారం

అలిగిన బతుకమ్మ. ఈరోజు అమ్మవారు అలుగుతుంది, ఎవరూ ఆడరు. నేనూ అలిగాను. వ్యాయామం లేదు. అమ్మవారికి లేని పని నాకెందుకు?

సెప్టెంబరు 30, మంగళవారం

సద్దుల బతుకమ్మ.

4.00: నడుముకు బెల్టు. దాని మీద పట్టుచీర. పథకం: ఒక్క చుట్టే. నిటారుగా. చప్పట్లు మాత్రమే.

6.00: గల్లీ నిండా బతుకమ్మలు. తంగేడు, గునుగు పూలు సిరిసిల్ల నుంచి బస్సులో వచ్చాయి. గోడ పక్కన కుర్చీ సిద్ధంగా ఉంది. నేను దాని వైపు చూడలేదు.

6.30: పద్మారాణి గొంతు సవరించుకుంది. ఆమె నోరు తెరిచేలోపు నేను ఎత్తేశాను.

గొంతు లేచింది! నిలబడితే లేచింది! అందరూ అందుకున్నారు. మొదటి చప్పట్లకు వంగలేదు. రెండో చప్పట్లకూ వంగలేదు. మూడో చప్పట్లకు నడుము నన్ను అడగలేదు. అదే వంగింది.

ఎంత బాగుందో! నొప్పి ఉంది. ఉన్నా బాగుంది. రెండు చుట్లు తిరిగాను. మూడో చరణం పాడాను, ఎవరూ ఎగ్గొట్టలేదు. పద్మారాణి నా పక్కనే ఆడుతూ "వదినా, సాలు!" అంటోంది. వినలేదు.

మూడో చుట్టులో వంగినదాన్ని వంగినట్టే ఉండిపోయాను. లేవలేను. పాట ఆపితే అందరికీ తెలుస్తుంది. ఆపలేదు. అలా వంగే చుట్టు పూర్తి చేశాను. బాగా ఆడుతోందని ఎవరో ముసలామె మెచ్చుకుంది.

7.10: పాట అయిపోయింది. అందరూ నిటారయ్యారు. నేను తప్ప.

మా ఆయన, పద్మారాణి చెరో వైపు పట్టుకుని కుర్చీ దగ్గరికి తెచ్చారు. కూర్చోబెట్టబోతే కెవ్వుమన్నాను. కూర్చోలేకపోయాను. కాబట్టి కుర్చీ ఎక్కలేదు. ఏ లెక్కన చూసినా గెలుపు నాదే.

అక్టోబరు 1, బుధవారం

మేడం "క్యా కియా?" అంది. నిన్న ఏం చేశానో నేను చెప్పేలోపే సంగీత వీడియో చూపించింది. ద్రోహి.

మేడం మొత్తం చూసింది. మళ్లీ మొదటి నుంచి చూసింది. "గానా అచ్ఛా హై" అంది. ఆ తర్వాత పది నిమిషాలు తిట్టింది. సంగీత అనువాదం చేయబోతే వద్దన్నాను, అర్థమైంది.

అక్టోబరు 2, గురువారం

దసరా. జమ్మి ఆకు బంగారమని పెద్దల చేతిలో పెట్టి కాళ్లు మొక్కాలి. పెళ్లయిన ఏడు నుంచి అత్తమ్మకు మొదట మొక్కేది నేనే.

నిలబడగలుగుతున్నాను. వంగడం మాత్రం కుదరదు. జమ్మి ఆకు అత్తమ్మ చేతిలో పెట్టి, కాళ్ల వైపు చూశాను. చాలా దూరంగా కనిపించాయి. ప్రయత్నించాను. తొడ దాకా కూడా చెయ్యి పోలేదు.

"అత్తమ్మా, ఈసారి మొక్కలేకపోతున్న" అన్నాను. వంగి ఒకరి కాళ్లు మొక్కలేని దాన్ని అయిపోయాను కదా అని సిగ్గేసింది.

అత్తమ్మ నా మొహం వైపు ఒకసారి చూసింది. చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని బయటికి నడిచింది. డాబాకు పోయే మెట్లు గోడ పట్టుకుని ఎక్కడం మొదలుపెట్టింది. ఒకటి, రెండు, ఆగి ఊపిరి పీల్చుకుని ఇంకో రెండు. ఇటు తిరిగి, పాదాలు రెండూ మెట్టు అంచుకు జరిపి నిలబడింది. ఆమె పాదాలు ఇప్పుడు నా నడుము ఎత్తులో ఉన్నాయి.

"ఇగ మొక్కు. జల్దీ, నాకు కళ్లు తిరుగుతున్నయ్."

పై అంతస్తు వాళ్లు మెట్లు దిగబోయి ఆగిపోయారు. ఎవరూ నవ్వలేదు. నేను నిటారుగా నిలబడి ఆమె పాదాలు రెండు చేతులతో తాకి కళ్లకు అద్దుకున్నాను. నా తల మీద చెయ్యి పెట్టడానికి ఆమే వంగింది.

"నీ నడుము సల్లగుండ బిడ్డా."

మా ఆయన కూడా మెట్లెక్కబోయాడు. నీకు అక్కర్లేదన్నాను.

రాత్రి 8.00: రేపు ఉదయం ఆరు నుంచి మళ్లీ మొదలు. మూడు పూటలా వ్యాయామం. నేల మీద కూర్చోను. వంగను. బరువులు ఎత్తను. ఇసుక కూడా నేలే. నిజంగా.

అత్తమ్మ మెట్లు దిగేటప్పుడు ఆమె మోకాళ్లు వణికాయి. వచ్చే దసరాకు ఆమె కిందనే నిలబడాలి, నేనే వంగి మొక్కాలి. ఒట్టు!