ఏడో షరతు

చిట్టితల్లికి,

అమ్మ దీవించి రాస్తున్న ఉత్తరం. ఇక్కడ మేమిద్దరం బాగానే ఉన్నాం. నాన్న మోకాలొక్కటే చెప్పిన మాట వినడం లేదు. అక్కడ నువ్వూ, అల్లుడూ, పాపా కులాసాగా ఉన్నారని తలుస్తాను.

నీ ఉత్తరం వచ్చి పది రోజులు దాటింది. జవాబు మొదలుపెట్టి రెండుసార్లు చించేశాను. కోప్పడకు.

ముందు తేలికవాటికి జవాబులు. పాపకి పళ్లు వస్తున్నాయి కాబట్టే ఆ చిరాకు. నువ్వు నన్ను ఇంతకు రెట్టింపు ఏడిపించావు, నాన్నని అడుగు. ఇక అల్లుడి బదిలీ సంగతి. వెళ్లాలా వద్దా అని ఇద్దరం పదిహేను రోజులుగా ముభావంగా ఉన్నామని రాశావు. 'నువ్వూ నాన్నా పోట్లాడుకోగా నేనెప్పుడూ చూడలేదు, ఎలా సర్దుకుపోయారమ్మా?' అన్నావు. నాన్నకి కిటికీ మూసి ఉండాలి, నాకు తెరిచి ఉండాలి. ముప్పై నాలుగేళ్లుగా సగం తెరిచిపెట్టుకుని ఇద్దరం సమానంగా ఇబ్బంది పడుతున్నాం. అదే సర్దుకుపోవడమంటే. అలాంటివి నవ్వుకుంటూ చేసుకోండి, ఏం ఫరవాలేదు.

మేం నవ్వకుండా సర్దుకున్నది ఒకటుంది. నీ మూడో ప్రశ్నకి జవాబు చెప్పాలంటే అది చెప్పక తప్పదు.

మీ ఆసుపత్రిలో నర్సులు అడిగినవన్నీ యాజమాన్యం వాళ్లు ఇస్తామంటున్నారనీ, సస్పెండ్ చేసిన ఆ నర్సు అమ్మాయి సంగతి మాత్రం మీ కమిటీ వదిలేయాలంటున్నారనీ రాశావు. 'నువ్వైతే ఏం చేసేదానివమ్మా? నువ్వు మూడొందల కుటుంబాలని నిలబెట్టినదానివి' అన్నావు. ఆ మాట చదివి కాగితం మడిచి పక్కన పెట్టేశాను.

సీసాల కర్మాగారం సమ్మె నీకు కొద్దిగా గుర్తుండే ఉంటుంది. నీకప్పుడు ఆరేళ్లు. నేను ప్యాకింగ్ హాలు తరఫున కమిటీలో ఉండేదాన్ని. సమ్మెకి వారం ముందు కొలిమి దగ్గర ఒకాయన పోయాడు. వేడి బండి తోసుకుంటూ వచ్చేటప్పుడు జనం తప్పుకోవాలని ఈల వేసేవాడు, అందుకని అందరం ఈలాయన అనేవాళ్లం. కొలిమి తలుపుని పైకి లాగే గొలుసు తెగింది. గొలుసు అరిగిపోయిందని అంతకు ముందే రెండుసార్లు రాసిచ్చాం, రెండోసారి రాసింది నేనే. తలుపు పడేటప్పుడు ఈలాయన పక్కనున్నతన్ని తోసేశాడు. అతను బతికాడు, ఈయన పోయాడు.

యాభై మూడు రోజులు సమ్మె చేశాం. ఆఖరి రోజు మధ్యాహ్నం మేనేజరు కమిటీలోని మా ముగ్గురినీ గదిలోకి పిలిచి కాగితం ముందు పెట్టాడు. ఎనిమిది గంటల షిఫ్టు, కొత్త గొలుసులు, ఒక్కరినీ తీసేయకుండా అందరికీ మళ్లీ పని. ఇలా మేం అడిగినవి ఆరూ ఉన్నాయి. కింద ఏడోది ఉంది: కొలిమి ప్రమాదం ఆ కార్మికుడి అజాగ్రత్త వల్లే జరిగిందని ఉభయ పక్షాలూ అంగీకరించడమైనది.

"ఆరు మీవి. ఏడోది మాది," అన్నాడు మేనేజరు.

"ఇది అబద్ధం కదండీ," అన్నాను.

ఆయన పెన్ను మూత తీసి కాగితం పక్కన పెట్టాడు. మా సంఘం పెద్దాయనే నా వైపు తిరిగాడు. "పోయినవాడికి ఇంక పోయేదేముందమ్మా? గేటు దగ్గర చూడు."

కిటికీలోంచి చూశాను. గేటు బయట జనం ఎండలో నిలబడి ఉన్నారు. నువ్వూ ఉన్నావు, నాన్న భుజాల మీద. చెప్పు తెగిపోయి, ఒక కాలికే చెప్పు ఉంది నీకు.

సంతకం పెట్టాను.

బయటికొస్తే దండలు వేశారు. ఇంటికొచ్చాక నాన్నకి చెప్పాను. "పెట్టేశావుగా. ఇక ఆ మాట ఇంట్లో నువ్వూ ఎత్తొద్దు, నేనూ ఎత్తను," అన్నాడు. ఎత్తలేదు. ఇరవై ఆరేళ్లు. నువ్వు చూసిన శాంతం అదేనమ్మా.

కర్మాగారం మళ్లీ మొదలయ్యాక మూడు నెలలపాటు ప్యాకింగ్ హాల్లో నాకు ఈల వినిపించేది. గభాలున పక్కకి జరిగేదాన్ని. వెనక్కి చూస్తే బండీ ఉండేది కాదు, మనిషీ ఉండేవాడు కాదు. పక్కనున్నావిడని అడిగితే "ఏ ఈల?" అంది. మళ్లీ ఎవర్నీ అడగలేదు. నీ ప్రోగ్రెస్ కార్డు మీద ఎప్పుడూ నాన్నే సంతకం పెట్టేవాడు, గుర్తుందా? పెన్ను పట్టుకుంటే నా చెయ్యి చల్లబడిపోయేది. నీకేమో, అమ్మకి నా చదువు పట్టదు అని కోపం.

పోయిన నెల ఒక రిటైరయిన మాస్టారు వచ్చాడు. కర్మాగారం చరిత్ర పుస్తకంగా వేస్తున్నాడట. నా ఫోటో కావాలన్నాడు. మా ఒప్పందానికి 'చరిత్రాత్మక రాజీ' అని పేరు పెట్టి ఒక అధ్యాయమే రాశాడు. ఏడో షరతు కూడా ఉన్నదున్నట్టు అచ్చువేస్తున్నాడు. "ఇది తప్పండీ," అంటే, "కాగితం మీద మీ సంతకమే ఉందికదమ్మా," అన్నాడు పాపం, మర్యాదగానే.

నీ ఉత్తరం కూడా అదే వారం వచ్చింది. ఇక ఉండబట్టలేక ఈలాయన భార్య దగ్గరికి వెళ్లాను.

అప్పట్లో ఆవిణ్ని అన్నదమ్ములొచ్చి వాళ్ల ఊరు తీసుకెళ్లిపోయారు. తిరిగొచ్చేసరికి ఒప్పందం అయిపోయింది. మార్కెట్ వెనక సందులో బట్టలు కుడుతుంది. ఆ సందులో అడుగుపెట్టకుండా ఇన్నేళ్లూ చుట్టూ తిరిగి వెళ్లాను. నన్ను చూడగానే గుర్తుపట్టింది. "కూర్చో అక్కా," అని మిషను ఆపింది.

నిలబడే చెప్పాను, ఎక్కడా మింగకుండా. ఆవిడ ఏడవలేదు. నన్ను తిట్టనూ లేదు. చేతిలోని గుడ్డని మడతపెడుతూ అంది:

"ఆ రోజు పొద్దున్న మేం పోట్లాడుకున్నాం అక్కా. చాలా మాటలన్నాను. తినకుండా వెళ్లిపోయాడు. తర్వాత అందరూ గొలుసు తెగిందన్నారు. నన్ను ఓదార్చడానికి అంటున్నారేమో అనుకున్నాను. కంపెనీ కాగితం ఇంటికొచ్చింది. అజాగ్రత్త అని ఉంది. కంపెనీ మాటైతే నమ్మేదాన్ని కాదు. కింద నీ సంతకం ఉంది. నువ్వు అబద్ధానికి సంతకం పెట్టవు కదా అనుకున్నాను. నా మాటలు బుర్రలో పెట్టుకునే పరధ్యానంగా ఉన్నాడనీ, నేనే చంపుకున్నాననీ..."

అక్కడ ఆపేసింది. అప్పుడు కూర్చున్నాను. ఆ కాగితంతో ఒక మనిషికి చెడ్డపేరు వచ్చిందనే ఇన్నాళ్లూ బాధపడ్డాను. ఆ ఒక్క వాక్యం బతికున్న మనిషిని ఏం చేస్తుందో ఊహించలేదు.

నేనైతే ఏం చేసేదాన్ని అని అడిగావు. నిజం చెప్పాలంటే, మళ్లీ ఆ కిటికీలోంచి నిన్ను చూస్తే సంతకం పెట్టనని ప్రమాణం చేయలేను. కానీ చిట్టీ, ఆ అమ్మాయిని మీ కమిటీ ముందు కూర్చోబెట్టుకుని, ఆమె ఎదుటే మాట్లాడుకోండి. వదులుకోవాల్సి వస్తే ఆమె నోటితో ఆమెనే చెప్పనివ్వండి. నేను ఈలాయన భార్య తిరిగొచ్చేదాకా ఆగలేదు. కనీసం కబురైనా చేయలేదు.

మాస్టారికి జరిగింది రాసిచ్చాను, నా చేత్తోనే. వేస్తాడో లేదో తెలీదు. ఉత్తరం పోస్టు చేసే ముందు నాన్నకి చదివి వినిపిస్తాను. ఆ మాట ఎత్తకూడదన్న మా ఇద్దరి ఒప్పందం కూడా దాంతో తీరిపోతుంది.

ఆ రోజు లేచి వస్తుంటే ఆవిడ గుమ్మం దాకా వచ్చి, "మళ్లీ ఒకసారి చెప్పక్కా, పరధ్యానంగా లేడు కదూ?" అంది. లేడన్నాను. పక్కనున్నతన్ని తోసేంత మెలకువగా ఉన్నాడన్నాను. మర్నాడు కబురు పంపింది, రమ్మని. వెళ్తే మళ్లీ అదే అడిగింది. నేటికి అయిదు రోజులు. రోజూ వెళ్తున్నాను. గొలుసు ఎలా తెగిందో, ఆయన ఎటు తిరిగి ఉన్నాడో, ఏమని అరిచాడో, బతికినతను అప్పట్లో నాకు చెప్పినట్టే మొదటినుంచీ చెబుతాను. మిషను ఆపి, రెప్ప వేయకుండా వింటుంది. అయ్యాక, "రేపు కూడా వస్తావా?" అంటుంది.

వస్తాననే చెబుతున్నాను.

ఇట్లు,
ఇన్నాళ్లూ చెప్పలేకపోయిన
మీ అమ్మ